పత్తి కట్టె నుంచి వచ్చే నూనె ట్రాక్టర్‌లో పోయొచ్చా?

మా రుద్రవరం వైపు పత్తి తీతలు అయిపోతే కట్టె పీకి చేలోనే కాల్చేస్తుంటారు. అదే కట్టెను పొడి చేసి, గాలి చొరబడని రియాక్టర్‌లో 500 డిగ్రీల దగ్గర వేడి చేస్తే మంట రాదు, ఆవిరి వస్తుంది. దాన్ని వెంటనే చల్లబరిస్తే బయో ఆయిల్. ఇదే పైరాలిసిస్. పక్కన బొగ్గు, గ్యాస్ కూడా మిగులుతాయి.

మరి ట్రాక్టర్‌లో పోద్దామా? వద్దు! అందులో నీళ్లు, ఆమ్లాలు ఉంటాయి. బరువులో మూడో వంతుకు పైగా ఆక్సిజనే. ఇంజన్ పాడైపోతుంది.

అందుకే ఆవిరిని ముందు జియోలైట్ అనే ఉత్ప్రేరకం మీదుగా పంపుతారు. అది ఆక్సిజన్‌ను నీరుగా, కార్బన్ వాయువులుగా బయటికి పంపేస్తుంది. నూనె తగ్గుతుంది, నాణ్యత పెరుగుతుంది. ఆ తర్వాత కూడా శుద్ధి చేయాల్సిందే.

ఎవరైనా ‘చెత్త నుంచి డీజిల్’ మిషన్ అమ్మడానికి వస్తే, ఎన్ని లీటర్లు అని కాదు, అందులో ఆక్సిజన్ ఎంత అని అడగండి.