చెవి రోగుల ప్రశ్నావళి: గ్రీకు భాషాంతరము



చెవి వినుటకు మాత్రమే యున్నదని పెక్కుమంది తలంతురు. కాని లోచెవియందు ద్రవముతో నిండిన మూడు అర్ధవృత్తాకారపు నాళములు గలవు. తల త్రిప్పినపుడెల్ల ఆ కదలికను మెదడున కెఱిగించునవి యవియే. అవి చెడినచో మనుష్యుడు తూలును. ఇల్లు గిఱ్ఱున తిరుగునట్లు తోచును. జ్వరమును కొలుచుటకు ఉష్ణమాపకము గలదు గాని, ఈ బాధ దినచర్య కెంత యడ్డుపడుచున్నదో తెలియుటకు రోగినే యడుగవలెను.

అందులకై 1990లో అమెరికాయందు జేకబ్సన్, న్యూమన్ అను నిరువురు 25 ప్రశ్నల పట్టికను ప్రకటించిరి. పైకి చూచిన బాధ హెచ్చునా, పడకలో పొరలిన హెచ్చునా, చీకటిలో ఇంట నడచుట కష్టమా, ఇట్టివి యా ప్రశ్నలు. ఔనన్నచో 4, అప్పుడప్పుడన్నచో 2, కాదన్నచో 0. అన్నియు కలిసి 100. చికిత్సకు ముందును పిమ్మటను అడిగి, గుణమెంత కలిగినదో పోల్చి చూతురు.

దీని గ్రీకు రూపమును పరీక్షించి 2017లో ప్రకటించిరి. నిఘంటువు చూచి మాటకు మాట వేసిన చాలదా యందురేమో. చాలదని నా యభిప్రాయము. మన భాషనే చూడుడు: తల తిరుగుట వేఱు, తూలుట వేఱు, కన్నులకు చీకట్లు క్రమ్ముట వేఱు. గ్రీకున 'జాలీ' యనగా తలదిమ్ము. మన జాలితో దానికి సంబంధము లేదు. 'ఇలింగోస్' అనగా చుట్టునున్నవి తిరుగునట్లు తోచుట. రెండవ మాటనే వాడినచో, కేవలము తూలువాడు తనకా బాధ లేదని యన్నిటికిని కాదనును; వాని యిక్కట్టు లెక్కకు రాదు.

జవాబులును చిక్కే. గ్రీకున ఔననుటకు 'నే' యందురు, కాదనుటకు 'ఓహి' యందురు. పలువురు తలను వెనుకకెత్తియు కాదందురు. కావున నోటిమాటయే వ్రాసికొనుట మేలు.

మూలమున నొక ప్రశ్న, పెద్ద అంగడిలో సరకుల వరుసల నడుమ నడచుటను గూర్చినది. అట్టి యంగడి లేని పల్లెకు మార్చువాడు 'పొలము గట్టు' అని వ్రాసినచో ప్రశ్న చెడును. ఇరుప్రక్కల వస్తువులు కన్నుల యెదుట జరిగిపోవుటయే యచట తల త్రిప్పునది. ఊరు మారవచ్చును గాని కారణము మారరాదు.

ఇట్టి పనికి వైద్యలోకమున నొక పద్ధతి గలదు. ఇరువురు వేర్వేరుగ అనువదింతురు. రెంటిని సరిచూచి యొకటి చేయుదురు. మూలమును చూడని మఱియొకడు దానిని తిరిగి ఆంగ్లమున వ్రాయును; భేదమున్నచో దిద్దుదురు. పిమ్మట రోగులకు చూపి, వారి కేమి బోధపడెనో యడుగుదురు. బాధ మారనివారిని కొన్ని దినములకు మరల నడుగుదురు. ఒకే ధాన్యరాశి రెండుమార్లు కొలిచిన రెండు లెక్కలు వచ్చునేని, కుంచమునే శంకింపవలెను గదా!

పెద్దలు తూలినపుడు వార్ధక్యమని త్రోసివేయుట మన యిండ్లలోను గలదు. కొన్ని సమయముల కారణము లోచెవియందే యుండును. అందు చికిత్సచే కుదురునవియు గలవు. కావున వైద్యు డడిగినపుడు 'కన్నులు తిరిగినవి' అని యూరకుండక, ఇల్లు తిరిగెనో, కాలు తూలెనో, చూపు చీకటియయ్యెనో విడదీసి చెప్పుడు.