పద్దుల గొలుసు: ఉత్పత్తిదారులు దానిని చేపట్టుటకు కారణము

ఆవర్జాలో ఒక పద్దు కొట్టివేసి దానిపై మరియొకటి వ్రాసినచో, ఆ దుకాణము లెక్కను ఎవరు నమ్ముదురు? ఒక దుకాణము సంగతియే యిట్లుండగా, నాలుగు దేశములలో చేతులు మారి వచ్చు సరకునకు లెక్క యెవరు వ్రాయవలెను? ఎవరి పుస్తకము ప్రమాణము? బ్లాక్‌చెయిన్ అను పద్ధతిని ఉత్పత్తిదారులు చేపట్టుటకు మూలము ఈ ప్రశ్నయే.

విద్యుత్తుతో నడచు కార్ల బ్యాటరీలలో వాడెడి కోబాల్టును చూతము. ప్రపంచమున త్రవ్వెడి కోబాల్టులో సగమునకు మించి ఆఫ్రికాలోని కాంగో ప్రజాస్వామ్య గణతంత్రము నుండియే వచ్చుచున్నది. ముడిఖనిజము గని నుండి దళారుల చేతికిని, అటనుండి శుద్ధి చేయు కర్మాగారములకును (ఇవి యెక్కువగా చైనాలో నున్నవి), పిదప బ్యాటరీలు చేయువారికిని పోయి, తుదకు కారు చేయువానిని చేరును. పలు గనుల ఖనిజము కలిసి శుద్ధియైన పిమ్మట ఏది యెచ్చటిదో కంటితో చూచి చెప్పజాలము. ఆ దేశపు గనులలో ఏడేండ్ల పిల్లలు సైతము పనిచేయుచుండిరని 2016 జనవరిలో ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ నివేదిక వెల్లడించెను. ఏడేండ్లనగా మా బడిలో రెండవ తరగతి యీడు. ఇక కారు చేయువాడు 'నేనెరుగను' అని తప్పుకొనుట కష్టమయ్యెను.

ఈ పద్ధతిలో సరకు చేయి మారిన ప్రతిసారియు ఒక పద్దు పడును. ఆ పద్దునుండి గణితముచే ఒక గుర్తుసంఖ్యను తీసి, దానిని తరువాతి పద్దులో చేర్తురు. వెనుకటి పద్దులో ఒక్క యక్షరము మార్చినను గుర్తుసంఖ్య మారి, తరువాతి ముడులన్నియు తప్పును. పుస్తకపు ప్రతులు పలువురియొద్ద నుండుటచే ఆ దిద్దుబాటు దాగదు. ఇందలి మూలభావము మరీ క్రొత్తది కాదు. పత్రములకు తేదీ ముద్ర వేయుటకై హేబర్, స్టోర్నెట్టా అనువారు 1991లోనే ప్రకటించిరి.

2019లో వోల్వో కార్ల సంస్థ తనకు బ్యాటరీలు అమ్మెడి చైనా, దక్షిణ కొరియా కంపెనీలతో ఒప్పందము చేసికొని, కోబాల్టు జాడను ఈ విధముగా వ్రాయింప బూనెను. ఐరోపా సమాఖ్య 2023లో చేసిన చట్టము, 2027 ఫిబ్రవరి నుండి విద్యుత్ వాహనముల బ్యాటరీలకు 'పాస్‌పోర్టు' ఉండవలెనని విధించినది. బ్లాక్‌చెయిన్‌నే వాడుమని అది చెప్పలేదు, లెక్క చూపుమన్నది.

అందరును కూడిరానిచో ఎంత గట్టి పుస్తకమైనను నిలువదు. ఓడసరకుల కొరకు మేర్స్క్, ఐబీఎం సంస్థలు 2018లో నెలకొల్పిన ట్రేడ్‌లెన్స్‌ను మూసివేయుచున్నట్లు 2022లో వారే ప్రకటించిరి. పరిశ్రమ యంతయు కలిసిరాలేదని కారణము చెప్పిరి.

మరియొక చిక్కు మాబోటి ఉపాధ్యాయులకు సులభముగా బోధపడును. హాజరుపట్టీని మరునాడెవరును దిద్దకుండ బీగము వేయవచ్చును. కాని రాని పిల్లవానిని వచ్చినట్లు నేనే వ్రాసినచో బీగమేమి చేయును? గనియొద్ద బస్తాకు చీటీ కట్టువాడు అబద్ధము వ్రాసినచో, గొలుసు ఆ యబద్ధమును గూడ అంత భద్రముగానే కాపాడును. అందుచేత గొలుసు వేసినవారు సైతము తనిఖీకై మనుష్యులను గని వద్దకు పంపవలసియే యున్నది.