ఊడ్పుచేలలో నత్తగుల్ల కొంగ

యానాము చుట్టుపట్ల కాలువలకు నీరు వదలి, దమ్ములు ముగిసి, సార్వా ఊడ్పులు సాగుచుండు దినములలో చేలపై కొంగలు వ్రాలుట రైతులందఱకును తెలిసిన విషయమే. అందు తెల్లని చిన్న కొంగలను మనమెఱుగుదుము. దుక్కి వెంటను, పశువుల వెంటను తిరిగి పురుగులనేఱుకొని తినునవి అవియే. వానిని ఎవ్వరును తోలరు. కాని వానికంటె పెద్దదియై, ముక్కు నడుమ సందుగల మఱియొక కొంగ కలదు. దానిని నత్తగుల్ల కొంగయనియు, చిల్లుముక్కు కొంగయనియు పిలుతురు. ఈ పక్షిని గూర్చి రైతులలోగల యొక అనుమానమును తీర్చుటకై ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ఒకనాడు మన సంఘసభ్యులలో నొక పెద్ద రైతు నా యొద్దకు వచ్చి, "అయ్యా, ఈ చిల్లుముక్కు కొంగలు నాటిన నారంతయు పీకి తినుచున్నవి. టపాకాయలు కాల్చి తోలుదునా, ఏదైన మందు పెట్టుదునా?" అని యడిగెను. "బాబాయిగారూ, రేపు వేకువను గట్టుమీద కూర్చుండి, అవి తినునదేమో ఇద్దఱము చూతము. ఏమి చేయవలయునో పిమ్మట ఆలోచింతము" అని నేను చెప్పితిని.

మఱునాడు తెల్లవారునప్పటికి చేనిలో కొంగలు దిగియుండెను. అవి తొందరపడక, ముక్కు కొనను నీటి కంటించి అడుగు వెంట అడుగు వేయుచుండెను. నడుమనడుమ ఆగి, ముక్కును నీట ముంచి, కొంతసేపు తల కదలించి, పిమ్మట ఏదో మ్రింగుచుండెను. ప్రొద్దెక్కి అవి లేచిపోయిన తరువాత మేము చేనిలోనికి దిగితిమి. అవి నిలిచిన తావులందెల్ల నత్తగుల్లలు పడియుండెను. లోని మాంసము లేదు. మూతబిళ్ళలు ప్రక్కన పడియున్నవి. తొక్కిడికి వాలిన మొక్కలు అక్కడక్కడ కనబడినవిగాని, కొఱికిన ఆకు ఒక్కటియు కనబడలేదు. రైతు ఒక గుల్లను చేతబట్టి త్రిప్పి చూచి, "గుల్ల పగులలేదే! లోనిది ఎట్లు వచ్చినది?" అని ఆశ్చర్యపడెను.

ఈ ప్రశ్న పండితులను సైతము చాలకాలము తికమకపెట్టినది. ఈ పక్షి రెండు ముక్కుదౌడలును మొదటను, కొనను కలియును. నడుమ మాత్రము కలియక సందుండును. అడకత్తెరలో పోకవలె గుల్లను ఆ సందున నొక్కి పగులగొట్టునని 1960లో జూలియన్ హక్స్‌లీ అను ప్రసిద్ధ జీవశాస్త్రజ్ఞుడు వ్రాసెను. తరువాత పరిశీలించినవారు అది సరికాదనిరి. కొంగ నీటిలోపలనే గుల్లను అదిమిపట్టి, క్రింది ముక్కు కొనను మూతబిళ్ళ చెంత దూర్చి, లోని జీవిని ఊడదీయును. ఆ క్రింది ముక్కు కొన తఱచుగా కుడివైపునకు కొంచెము వంగియుండును. ముక్కు అంచులందలి గఱుకుదనము, జాఱిపోవు గుల్లను పట్టుటకు తోడ్పడునని తలతురు. పిల్లలకు ఈ సందుండదు, పెరుగుచుండగా ఏర్పడును.

ఈ పక్షి నిలుచున్నప్పుడు సుమారు 68 సెంటీమీటర్లు, అనగా రెండడుగుల పైచిలుకు ఎత్తుండును. గ్రుడ్లుపెట్టు కాలమున ఒడలు తెల్లగాను, తక్కిన కాలమున బూడిదచాయగాను ఉండును. ఱెక్కల చివరి యీకలును, తోకయు నిగనిగలాడు నలుపు. ఎగురునపుడు తెల్లకొంగలవలె మెడ ముడువక ముందునకు చాచును. దీనికి కూత చాల తక్కువ. గూటియొద్ద ముక్కులు టకటకలాడించుటయే ముఖ్యముగా దీని మాట.

ఇది ఊడ్పుల వేళకే మన చేలకు వచ్చుటకు కారణము నత్తయే. వేసవిలో కాలువలు కట్టివేయగా, పెద్ద నత్త బురదలో దిగి, మూత బిగించుకొని నిద్రించును. నీరు చేరగానే మేల్కొని పైకి వచ్చును. ధవళేశ్వరము ఆనకట్టనుండి వచ్చు నీరు నత్తను లేపును; నత్త కొంగను పిలుచును.

ఈ పక్షులు గూళ్ళు కట్టుటను చూడగోరువారు ఆంధ్రప్రదేశపు ఉత్తరపు కొసకు పోవలయును. అచ్చట శ్రీకాకుళము జిల్లా ఇచ్ఛాపురము మండలములో తేలుకుంచి అను గ్రామము కలదు. ఏటేట తొలకరితో ఇవి వచ్చి, ఊరి నడుమ చెట్లపై గూళ్ళు కట్టి, పిల్లలను పెంచుకొని, చలికాలమున మరలిపోవును. ఇవి వచ్చిన వానలు కురిసి పంటలు పండునని ఆ గ్రామస్థుల నమ్మకము; కావున వారు వీనిని కొట్టరు, కొట్టనీయరు. ఇవి సైబీరియానుండి వచ్చునని కొందఱందురుగాని, అది పొరపాటు. ఇవి మన దేశమునందును, సింహళము, బర్మా, సయాము మొదలగు వేడి దేశములందును నివసించునవే. ఆడుపక్షి రెండు మొదలు నాలుగు వఱకు గ్రుడ్లు పెట్టును. అవి సుమారు 25 దినములకు పొదుగబడును. ఎండ తీవ్రమైనపుడు తల్లిదండ్రులు ఱెక్కలు విప్పి పిల్లలకు నీడపట్టును.

ఇక మేలు కీడుల లెక్క చూతము. నత్త లేతనారును కొఱుకును. దానిని కొంగ తినును. గట్లకు బొఱియలు పెట్టు పీతలను కూడ ఇది తినును. అప్పుడప్పుడు కప్పలనును తినును. కప్ప మనకు మేలు చేయునది గనుక ఆ మేరకు నష్టమే. పశువులకు కార్జపు జలగలు తెచ్చునవి చిన్నజాతి నత్తలు. ఇది ముఖ్యముగా తినునది పెద్దనత్త. కావున ఆ మేలును దీనికి అంటగట్టరాదు. దక్షిణ అమెరికానుండి 1980 ప్రాంతమున తూర్పు దేశములకు ఆహారమునకై తెచ్చిన యొక నత్త తప్పించుకొని, ఫిలిప్పైన్సు, సయాము, వియత్నాములలో వరిని మిక్కిలిగా పాడుచేసినది. సయాములో ఈ కొంగలు ఆ నత్తను తినుటకు అలవాటుపడి, దానివలన తామును వృద్ధిపొందినవి. ఇట్టి కావలివాడు కూలి లేకయే మన చేలలో తిరుగుచున్నాడు.

కావున సభ్యులకు మూడు మనవులు. మొదటిది: ఊడ్చిన తొలి దినములలో చేనిలో నీరు పలుచగా నుంచుడు. అది నారు నాటుకొనుటకును మంచిది. నత్తలు నీరున్న పల్లమునకు దిగును గనుక కొంగలును అచ్చటికే పోవును. వాలిన మొక్కలను వెంటనే సరిచేయుడు. రెండవది: పక్షులకై మందు పెట్టకుడు. కార్బోఫ్యూరాన్ వంటి గుళికలు పక్షులకు కొఱవిషము; ఆ నీటిని త్రాగు పశువునకును, ఆ చేపను తిను మనుష్యునకును క్షేమము కాదు. వన్యప్రాణులను చంపుట 1972 నాటి చట్టప్రకారము నేరము కూడను. మూడవది: చెఱువుగట్లపైని పెద్దచెట్లను నఱకకుడు. గూటికి చెట్టులేని పక్షి ఊరికి రాదు.

ఆ పెద్ద రైతు ఆ దినముననే ఒక కూలిని పెట్టి, వాలిన మొక్కలను నిలబెట్టించెను. ఒక పూటలో పని ముగిసెను. టపాకాయలు కొనలేదు. మీ చేలలో ఈ కొంగలు దిగినపుడు, తోలుటకు ముందు ఒక ఉదయము గట్టున కూర్చుండి చూడుడు. అవి విడిచిన గుల్లలే మీకు సమాధానము చెప్పును.