పిల్లలు సముద్రం అడుక్కు పోతామంటే

ఓర్వకల్లు విమానాశ్రయం 2021 మార్చిలో మొదలైంది. అంతకుముందు కర్నూలు వాళ్ళం విశాఖపట్నం పోవాలంటే రాత్రంతా రైల్లోనో బస్సులోనో కూచోవలసిందే. విమానం వచ్చాక సముద్రం దగ్గరపడింది. దానితోబాటు కాలేజీ పిల్లలకు కొత్త కోరికలూ పుట్టుకొచ్చాయి. రుషికొండలో స్కూబా డైవింగ్ చేస్తామంటారు. అండమాన్ పోయి పగడపు దిబ్బలు చూస్తామంటారు. నీటి అడుగున గుహలుంటాయట, వాటిలోకీ దూరతామంటారు. చెరువు నిండితే పండగ చేసుకునే సీమలో పుట్టిన తల్లికి గుండె గుభేలుమనదా? వద్దని ఒక్క మాట అనేయడం తేలికే. కానీ దేనికి సరే అనవచ్చునో, దేనికి అనకూడదో తెలిసి చెబితే ఆ మాటకు బరువుంటుంది.

ముందు ఆ గుహల సంగతి చూద్దాం. ఓర్వకల్లులో నీళ్ళ చుట్టూ నిలబడ్డ రాళ్ళను మీలో చాలామంది చూసేవుంటారు. వాటిలో సిలికా పాలు ఎక్కువ, అంత సులువుగా కరగవు. మన ఇళ్ళల్లో పరిచే నాపరాయి అలా కాదు, అది సున్నపురాయి. పిండిన నిమ్మచెక్కను దానిమీద పడేసి మర్చిపోండి, తెల్లారేసరికి నునుపు పోయి మచ్చ పడుతుంది. ఎంత తోమినా పోదు. పులుపు రాతిని తినేసిందన్నమాట. వాననీరు కూడా గాలిలోనూ మట్టిలోనూ వున్న బొగ్గుపులుసు వాయువును కలుపుకుని రవ్వంత పులుపెక్కుతుంది. ఆ నీరు లక్షల ఏళ్ళు సున్నపురాతి పగుళ్ళలో పారితే కొలిమిగుండ్ల దగ్గర బెలుం గుహలయ్యాయి. మూడు కిలోమీటర్లకు పైగా పొడవు. పాతాళగంగ అనే చోట 46 మీటర్ల లోతు.

ఇప్పుడు ఆ బెలుం అంతా నీటితో నిండిపోయిందనుకోండి. సముద్రంలో ఇలాంటి గుహలు చాలానే వున్నాయి. సుమారు 20 వేల ఏళ్ళ కిందట, మంచుయుగంలో, సముద్రమట్టం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు కిందకు వుండేది. అప్పట్లో పొడిగా వున్న గుహలు మంచు కరిగాక మునిగిపోయాయి. మధ్య అమెరికాలో బెలీజ్ అని చిన్న దేశం వుంది (పేరు కూడా మన బెలుంకు చుట్టంలాగే లేదూ!). దాని తీరాన పగడపు దిబ్బ నడుమ ‘గ్రేట్ బ్లూ హోల్’ అనే పెద్ద నీలిగుండం వుంది. 300 మీటర్ల వెడల్పు, 120 మీటర్లకు పైగా లోతు. 1971లో జాక్ కూస్తో అనే ఫ్రెంచి అన్వేషకుడు ఓడ వేసుకుని వెళ్ళి దాన్ని పరిశీలించాడు. లోపల అచ్చం బెలుంలో లాగే పైనుంచి వేలాడే రాతి ఊడలున్నాయి. గాలిలో బొట్టుబొట్టుగా నీరు కారితేగాని ఆ ఊడలు కట్టవు. కనుక అది ఒకప్పుడు పొడి గుహే.

ఈ కూస్తోయే ఎమిల్ గాన్యాన్ అనే ఇంజనీరుతో కలిసి 1943లో నీటిలో ఊపిరి పీల్చే సాధనాన్ని తయారుచేశాడు. వీపున కట్టుకునే సిలిండరులో వట్టి ఆక్సిజన్ వుంటుందని చాలామంది అనుకుంటారు. కాదండీ, మామూలుగా వుండేది మనం పీల్చే గాలే. అణిచి అణిచి నింపుతారు. 12 లీటర్ల సిలిండరులో 2,400 లీటర్ల గాలి పడుతుంది. నిమిషానికి 20 లీటర్ల లెక్కన ఒడ్డున కూచుని రెండు గంటలు పీల్చవచ్చు. 10 మీటర్ల లోతున ఒత్తిడి రెట్టింపు, గాలి ఖర్చూ రెట్టింపు, గంటకే ఖాళీ. 20 మీటర్ల లోతున 40 నిమిషాలే. గాబరాపడితే ఇంకా ముందే. అందుకని ఎవరూ అడుగంటా వాడరు, కొంత మిగుల్చుకునే పైకి వస్తారు.

నీటిలో ఎన్నడూ ఊపిరి బిగబట్టకూడదు. ఇది అన్నిటికంటే ముఖ్యం. 10 మీటర్ల లోతున నిండుగా పీల్చిన గాలి పైకి వచ్చేసరికి రెండింతలవుతుంది. నోరు మూసుకుని పైకి వస్తే ఊపిరితిత్తులు బెలూనులాగ సాగి చిరగవచ్చు. ఇక రెండోది, పైకి రావడానికి తొందర పనికిరాదు. లోతున వున్నంతసేపూ గాలిలోని నత్రజని రక్తంలో కరుగుతూ వుంటుంది. గోలీసోడా కొట్టగానే నురగ ఎలా పొంగుతుంది? ఒక్కసారిగా పైకి వస్తే ఒంట్లో అలాంటి బుడగలే లేస్తాయి. కీళ్ళనొప్పులతో మొదలై పక్షవాతం దాకా పోవచ్చు. అందుకే నిమిషానికి 9 మీటర్లకు మించకుండా, 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగి మరీ వస్తారు.

బయట సముద్రంలో ఏం జరిగినా నెత్తిమీద ఆకాశం వుంది, మెల్లగా పైకి రావచ్చు. గుహలో నెత్తిమీద రాయి వుంది. వెళ్ళిన దారినే వెనక్కి రావాలి. అడుగున వండ్రు కాలు తగిలి లేచిందా, దీపం వున్నా చెయ్యి కనబడదు. అందుకని గుహల్లో దిగేవాళ్ళు బయటినుంచి తెగని తాడు పరుచుకుంటూ పోతారు, తలా మూడు దీపాలు పట్టుకుంటారు, గాలిని మూడు పాళ్ళు చేస్తారు. ఒక పాలు పోవడానికి, ఒకటి రావడానికి, ఒకటి ఆపదకు. 2018లో థాయిలాండులో వరద గుహలో చిక్కిన 12 మంది పిల్లలనూ వాళ్ళ కోచ్‌నీ బయటికి తెచ్చారని విన్నాం గదా, ఆ పనిలో సమన్ కునన్ అనే పూర్వ నౌకాదళ డైవరు ప్రాణం పోయింది. అంత శిక్షణ వున్నవాడికే ఆ గతి పట్టింది. కాబట్టి గుహ మాటెత్తితే, దానికి వేరే శిక్షణా పత్రం చేతిలో లేనిదే, నన్నడిగితే ఖచ్చితంగా వద్దనండి. “గుమ్మం దాకా పోయి తొంగిచూసి వస్తాం” అన్నా వద్దనే.

పగడపు దిబ్బ సంగతి వేరు. అండమాన్‌లో స్వరాజ్ ద్వీపం, అంటే పాత హావ్‌లాక్, దీనికి పేరుపొందింది. పగడం రాయి కాదు, చెట్టూ కాదు. చిన్న చిన్న జీవులు తరతరాలుగా కట్టుకున్న సున్నపు ఇళ్ళు అవి. చెయ్యి తగిలినా చెడతాయి, తెంపి తెస్తే నేరం కూడా. కొత్తగా దిగేవారిని 12 మీటర్లు దాటనివ్వరు, శిక్షకుడు పక్కనే వుంటాడు. ఆ శిక్షకుడి పత్రం అడిగి చూడమనండి, మొహమాటపడవద్దు. జలుబు చేసివుంటే చెవులమీద ఒత్తిడి సర్దుకోదు, ఆ రోజు మానుకోవాలి. ఉబ్బసం, గుండెజబ్బు వున్నవాళ్ళు డాక్టరును అడగనిదే దిగకూడదు. గర్భిణీలు అసలే దిగకూడదు.

ఇక తిరుగు ప్రయాణం. ఒంట్లో మిగిలిన నత్రజని పూర్తిగా పోకముందే విమానమెక్కితే, పైన గాలి ఒత్తిడి తక్కువ గనుక మళ్ళీ ఆ సోడా బుడగల బాధే. ఒక్కసారి దిగితే కనీసం 12 గంటలు, రెండు మూడు సార్లు దిగితే 18 గంటలు ఆగాలి. ఆదివారం పొద్దున 10 గంటలకు విమానమైతే, శనివారం సాయంత్రం 4 గంటల తర్వాత నీళ్ళలో వుండకూడదన్నమాట. టిక్కెట్టు కొనేటప్పుడే ఈ లెక్క వేసుకోమనండి.