చీరాల–పేరాల పురత్యాగము

నాటి గుంటూరు మండలములో చీరాల, పేరాల యను జంటయూళ్లు నేతపనికి పేరెన్నిక గన్నవి. 1921లో అచ్చటి ప్రజలు ఆంగ్లప్రభుత్వముతో సలిపిన పోరాటమును మా విద్యార్థులకు వివరింపదలచితిమి. అందు ప్రయోగింపబడిన ఆయుధము కత్తియు కాదు, తుపాకియు కాదు, ఇల్లు విడిచిపోవుట.

1919లో మద్రాసు ప్రభుత్వమువారు ఈ రెండూళ్లను కలిపి మునిసిపాలిటీగా చేసిరి. మునిసిపాలిటీ యనగా వీధిదీపములు, మంచినీరు, పారిశుధ్యము అని మేము తరగతిలో చెప్పుచుందుము. నిజమే, కాని యవి యూరక రావు. సుమారు 4,000 రూపాయలుగా నుండిన పన్ను 40,000 వఱకు పెరిగెను. జనసంఖ్య యించుమించు 15,000. పెక్కుమంది మగ్గమును నమ్ముకొన్నవారు. మాకీ మునిసిపాలిటీ వలదని వారు మొఱపెట్టుకొనిరి. 1920 డిసెంబరులో ఈ శాఖ భారతీయుడగు మంత్రి చేతికి వచ్చెను. అయినను ఫలితము మాఱలేదు.

వారికి నాయకుడు ఎడింబరోలో చదివివచ్చిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు. ఆయన 'రామదండు' అను సేవకదళమును కూర్చిరి. 1921 ఏప్రిలులో గాంధీగారు చీరాలకు వచ్చి రెండు మార్గములు చూపిరి: పన్ను చెల్లింపక శిక్షను శాంతముగా సహించుట, లేదా మునిసిపాలిటీ హద్దు దాటిపోవుట. ప్రజలు రెండవదానిని ఎన్నుకొనిరి. ఆ సంఘపు అధికారము సరిహద్దు వఱకే గదా! లోపల జనులే లేనిచో అది యెవరిని పాలించును?

సుమారు 13,000 మంది హద్దు వెలుపల పాకలు వేసికొనిరి. ఆ పాకల యూరికి రామనగరమని పేరు. నిర్గమకాండములోని ఇశ్రాయేలీయులు దాస్యగృహమును విడిచిరి. వీరు విడిచినది తాతలనాటి సొంతయిండ్లు, అదియు వాటికి సమీపముననే యుండి. గుంటమగ్గమునకు గొయ్యి కావలెను. వానకాలమున పాకలో ఆ గొయ్యి యేమగునో, నూలు తడిసిన నేతగాని కుటుంబము ఏమి తినునో పిల్లలారా, ఆలోచింపుడు. ధనవంతునికి పాక కొన్నాళ్ల కష్టము. బీదవానికి కూటికే యెసరు. ఈ భేదమును చరిత్రపుస్తకములు తఱచు విస్మరించును.

పదునొకండు మాసములు అట్లే నిలిచిరి. ఈలోపల, బరంపురములో నిషేధాజ్ఞను మీఱి యుపన్యసించినందుకు గోపాలకృష్ణయ్యగారికి ఒక సంవత్సరము చెఱశిక్ష పడెను. నాయకుడు తిరుచినాపల్లి చెఱలో నుండెను, ధనము కఱవయ్యెను. 1922లో ప్రజలు తమ యిండ్లకు మరలివచ్చిరి. మునిసిపాలిటీ నిలిచెను. గోపాలకృష్ణయ్యగారు 1928లో, నలువదియేండ్లు నిండకమునుపే మరణించిరి.