కరెంటు పోయినా వినిపించే రేడియో

తుంగభద్ర ఒడ్డున ఉన్న రాజోలి పేరు మీలో చాలామంది వినే ఉంటారు. అది మగ్గాల ఊరు. 2009 అక్టోబరు మొదటి రోజుల్లో వచ్చిన వరదలో ఆ ఊరు మునిగిపోయింది. అలాంటి రాత్రి నది ఎంత పెరిగింది, ఎటు వెళ్లాలి అని చెప్పే మాట ఇంటింటికీ చేరాలి. కరెంటు పోతే టీవీ మూగబోతుంది, సెల్‌ఫోను టవరు కూడా ఆగిపోవచ్చు. అప్పుడు మిగిలేది రేడియో. మరి కరెంటు లేకుండా మీ రేడియో ఎన్ని గంటలు పలుకుతుంది? ఎప్పుడైనా లెక్క వేశారా?

మొదట లెక్క చూద్దాం. యూపీఎస్‌లలో వాడే 12 వోల్టుల, 7 ఆంపియర్ అవర్ల సీల్డు బ్యాటరీ షాపుల్లో దొరుకుతుంది. మీ రేడియో అర ఆంపియరు తీసుకుంటుందనుకోండి. బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేయకపోతే అది ఎక్కువ కాలం మన్నుతుంది. అంటే వాడదగినది మూడున్నర ఆంపియర్ అవర్లు. దాన్ని అరతో భాగించండి: ఏడు గంటలు.

రెండవది, వోల్టేజి. నాలుగు సెల్లుల రేడియోకు కావలసింది 6 వోల్టులే. 12 వోల్టులు నేరుగా ఇస్తే సెట్టు కాలిపోతుంది. గనుక మధ్యలో 7806 అనే రెగ్యులేటరు పెట్టాలి. దాని మీది అక్షరాలు మీకు కనబడేలా పట్టుకుంటే ఎడమ కాలు బ్యాటరీ ప్లస్‌కు, మధ్య కాలు మైనస్‌కు, కుడి కాలు రేడియో ప్లస్‌కు. రేడియో మైనస్ కూడా మధ్య కాలికే కలుస్తుంది. ఎడమ కాలికీ మధ్య కాలికీ నడుమ 0.33 మైక్రోఫారడ్ కెపాసిటరు, కుడి కాలికీ మధ్య కాలికీ నడుమ 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరు దగ్గరగా అతకండి. మిగిలిపోయే 6 వోల్టులు వేడిగా మారతాయి. అర ఆంపియరు దగ్గర అది సుమారు 3 వాట్లు. అందుకే రెగ్యులేటరుకు హీట్ సింకు తప్పనిసరి. రేడియో పిన్నులో ప్లస్ లోపల ఉందో బయట ఉందో సెట్టు మీది గుర్తు చూసి మరీ కలపండి.

మూడవది, అన్నిటికంటే ముఖ్యమైనది, ఫ్యూజు. చిన్న బ్యాటరీయే కదా అనుకోకండి. ప్లస్, మైనస్ వైర్లు ఒకదానికొకటి తగిలితే అది ఒక్కసారిగా ఎన్నో ఆంపియర్లు వదులుతుంది. వైరు ఎర్రగా కాలి ఇంటికి నిప్పు అంటుకోవచ్చు. గనుక బ్యాటరీ ప్లస్‌కు జానెడు దూరంలోనే 1 ఆంపియరు ఫ్యూజు, దాని తరువాత స్విచ్చి పెట్టండి. ఫ్యూజును రేడియో దగ్గర పెడితే మధ్యలోని వైరుకు కాపుదల ఉండదు.

ఇంకొక మేలు కూడా ఉంది. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. నాసిరకం ఎలిమినేటరులో ఆ ఊపు పూర్తిగా పోదు, పాట వెనుక గుర్రుమనే మోతగా వినబడుతుంది. బ్యాటరీలో ఆ ఊపు లేదు. అయితే ఛార్జరు తగిలించే వింటే ఆ మోత మళ్లీ రావచ్చు, గనుక తీసివేసి వినండి.

ఛార్జరును మీరే చేయబోకండి. అందులో 230 వోల్టులుంటాయి. ఈ బ్యాటరీకి సరిపడే 13.8 వోల్టుల ఛార్జరు కొనండి. ఛార్జి అయ్యేటప్పుడు మండే వాయువు వెలువడవచ్చు. గాలి ఆడే చోట ఉంచండి, దీపం దగ్గర పెట్టకండి. వాడినా వాడకపోయినా నెలకొకసారి ఛార్జి చేయండి. ఖాళీగా పడి ఉన్న బ్యాటరీ పాడైపోతుంది. పాతబడితే అందులో సీసం ఉంది గనుక పారవేయకుండా షాపులో తిరిగి ఇచ్చేయండి.

చివరిగా ఒక్క మాట. కట్టి మూలన పెట్టినంత మాత్రాన చాలదు. ఒక సాయంత్రం మెయిను ఆపి, రేడియో పెట్టి, గడియారం చూడండి. మల్టీమీటరులో బ్యాటరీ 12 వోల్టులకు దిగితే ఆపేయండి. ఎన్ని గంటలు వచ్చిందో బ్యాటరీ మీదే రాసి, దాన్ని నీరు చేరని ఎత్తైన అటక మీద పెట్టండి. అవసరం వచ్చిన రాత్రి ఆ అంకె మీకు ధైర్యమిస్తుంది.