నేలమాళిగలో దారి తప్పితేనే మజా!

జానపద సినిమాకి హీరో ఎంత ముఖ్యమో, గుహ అంత ముఖ్యం! 1951 నాటి 'పాతాళభైరవి'నే తీసుకోండి. తోటరాముడుగా ఎన్.టి.రామారావు వున్నారు, నేపాళ మాంత్రికుడుగా ఎస్.వి.రంగారావు వున్నారు. కానీ ఆ గుహే లేకపోతే కథ ఎక్కడ మలుపు తిరుగుతుంది చెప్పండి?

మా తరం వాళ్ళం అలాంటి గుహల్ని టీవీలో చూశాం. స్వయంగా దిగింది మాత్రం వీడియో గేముల్లో!

జనగామలో మేం వెళ్ళే కంప్యూటర్ సెంటర్లో నేర్పేది టైపింగు. సారు టీకి వెళ్ళగానే తెర మీదికి వచ్చేది 'ప్రిన్స్ ఆఫ్ పర్షియా'. జోర్డాన్ మెక్నర్ అనే అమెరికన్ యువకుడు దాదాపు ఒంటిచేత్తో తయారుచేసి 1989లో విడుదల చేసిన ఆట అది. సినిమా ప్రియులకి ఒక ముచ్చట చెప్తాను. అందులో రాకుమారుడి పరుగూ, దూకడమూ మెక్నర్ తమ్ముడివే! తమ్ముణ్ణి పరిగెత్తించి, వీడియో తీసి, బొమ్మ బొమ్మగా గీసుకున్నాడు. కత్తియుద్ధం 1938 నాటి 'ది అడ్వెంచర్స్ ఆఫ్ రాబిన్ హుడ్'లో ఎరల్ ఫ్లిన్ ఫైటు చూసి దించాడు. సంగీతం వాళ్ళ నాన్నది. ఇంటిల్లిపాది ప్రొడక్షన్ అన్నమాట!

కథ పక్కా జానపదం. దుష్టమంత్రి, బందీ అయిన రాకుమారి, 60 నిమిషాల గడువు. చెరసాలలో పడ్డ హీరో చేతిలో మొదట కత్తి కూడా వుండదు, వెతుక్కోవాలి. ఒక పలక తొక్కితే ఎక్కడో గేటు లేస్తుంది. ఎక్కడ? అదే అసలు తిప్పలు! తెర మీద ఒకసారికి ఒక్క గదే కనిపిస్తుంది. అంచు దాటితే ఇంకో గది, మళ్ళీ అవే రాతి గోడలు. మ్యాపు లేదు, బాణం గుర్తు లేదు. లెక్కల నోట్సు వెనక పేజీలో మ్యాపు మేమే గీసుకునేవాళ్ళం.

మహబూబాబాద్‌లో, అదే మా మానుకోటలో, మేనమామ ఇంట టీవీకి తగిలించే కేసెట్ గేము వుండేది. అందులో 1985 నాటి 'సూపర్ మేరియో'. నాలుగో లోకం, ఏడో లోకం కోటల్లో దారి తప్పు పట్టారా, ఎంత పరిగెత్తినా మళ్ళీ అదే చోటు! ఆ కిటుకు పట్టినవాడు ఆ వేసవికి మా వీధి హీరో.

అసలీ ఆటల పుట్టుకే గుహల్లో. అమెరికాలో విల్ క్రౌథర్ అనే ప్రోగ్రామరు కెంటకీ రాష్ట్రంలోని మేమత్ గుహల్లో తిరిగినవాడు. ఆ అనుభవంతోనే 1970ల మధ్యలో 'కొలోసల్ కేవ్ అడ్వెంచర్' రాశాడు. బొమ్మలు లేవు, అంతా అక్షరాలే. జపాన్‌లో షిగెరు మియమోటో చిన్నప్పుడు వూరి పక్క గుహల్లో తిరిగిన జ్ఞాపకమే 1986లో 'జెల్డా' అయింది. అందులో తొమ్మిది నేలమాళిగలు. అదే వరసలో 1998లో వచ్చిన 'ఒకరీనా ఆఫ్ టైమ్'లో ఒక నీటి ఆలయం వుంది. నీటిమట్టం పెంచుతూ, దించుతూ దారి వెతకాలి. దేశదేశాల ఆటగాళ్ళు తిట్టుకుంటూనే ఆడారు!

పెద్ద నేలమాళిగలో గమ్మత్తు ఏమిటంటే, మొదట్లో చూసి వదిలేసిన తాళం తలుపు, గంట తరవాత అవతలి వైపు నుంచి తెరుచుకుంటుంది. "ఓహో, యిది అదేనా!" అనుకుంటాం. అంతే, కట్టడం మొత్తం బుర్రలో దీపం పెట్టినట్టు కనిపిస్తుంది.

కొత్త ఆటలు చెడ్డవని నేననను. 2017 నాటి జెల్డా 'బ్రెత్ ఆఫ్ ది వైల్డ్'లో రాజ్యమంతా తిరగొచ్చు. కానీ పాత నేలమాళిగల స్థానంలో 120 చిన్న చిన్న గుళ్ళు వచ్చాయి. పెద్దవి నాలుగే. చాలా గుళ్ళలో దారి తప్పేంత చోటే వుండదు! యిక ఫోను గేముల సంగతి సరేసరి. బాణం చూపిస్తుంది, వేలు నొక్కుతుంది.

పోయేది ఆట ఒక్కటే అయితే నాకింత బెంగ వుండేది కాదు. మా బావగారు భూపాలపల్లిలో భూగర్భ బొగ్గు గనిలో పనిచేస్తారు. బొగ్గునే స్తంభాలుగా వదిలేసి, వాటి మధ్య దారులు తవ్వుకుంటూ పోతారు. ఏ కూడలి చూసినా ఒకటే నలుపు. వచ్చిన దారి గుర్తుండటం అక్కడ ఆట కాదు, ప్రాణం. మరి ఆయన కొడుకో? ఫోను చెప్పనిదే పక్క వీధి మలుపు తిరగడు!

పోయిన దసరాకి మా మేనల్లుడికి ఆ పాత 'ప్రిన్స్' పెట్టిచ్చాను. మొదటి రోజు విసుక్కున్నాడు. రెండో రోజు నన్ను తిట్టుకున్నాడు. మూడో రోజు "మామా, కాగితం పెన్సిలు వున్నాయా?" అన్నాడు!

కాబట్టి కుర్రకారూ, ఒక్క ఆదివారం ఆ బాణం గుర్తుని పక్కన పెట్టండి. పాత ఆట ఒకటి పట్టండి. ఆటలు వద్దంటారా? భూపాలపల్లి జిల్లా రేగొండ దగ్గర పాండవుల గుట్టలున్నాయి. ఆదిమానవులు బొమ్మలు గీసిన రాతి గుహలు! దారి తెలిసినవాళ్ళని వెంటబెట్టుకుని వెళ్ళి రండి. యింటికొచ్చాక నడిచిన దారి కాగితం మీద గీసి చూడండి. ఎన్ని మలుపులు గుర్తున్నాయో లెక్క తేలిపోతుంది. ఏమంటారు?